కాస్త సర్దాను, అంతే

"ఆ గ్లాసు నీ చేతిలోకి ఎలా వచ్చింది?"

వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది పిట్ట. ఆమె మొగుడైన డ్రైవింగ్ మాస్టారికి జవాబు చెబుదామన్నా నోరు ఖాళీగా లేదు, నోటినిండా వైన్ ఉంది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సగం పిండిన నిమ్మచెక్క. పొయ్యి మీద టమాటాలతో పాటు మాంసం ముక్కలు కుతకుతా ఉడుకుతున్నాయి.

పొద్దున తను పనిచేసే వైన్ షాపుకి వెళ్తూ, సాయంత్రం భోజనంలోకని పిట్ట ఏరి పెట్టిన సీసా అది. ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్లింది. ఇప్పుడు చూస్తే బిరడా పక్కన పడి ఉంది. సీసాలో రెండు గుక్కలు తగ్గాయి.

మాస్టారు గుటక వేశాడు. "ఇవాళ పెందలాడే వచ్చేశావే!" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

"ఊరికే... ఎలా ఉందో చూద్దామని."

"చూడ్డానికి నిమ్మకాయ ఎందుకు?"

నలుగురిలో మొగుణ్ణి 'మీరు' అనే మనిషి, అత్తగారు అక్కడే బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తుండగా 'నువ్వు' అనేసింది. అత్తగారి చేతిలో రెబ్బ చేతిలోనే ఆగిపోయింది. వ్యవహారం ముదిరిందని ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది.

పిట్ట చేతిసంచీ కుర్చీలో పడేసింది. "ఇవాళ షాపుకి ఒకాయన వచ్చాడు. సగం తాగిన సీసా తెచ్చి కౌంటరు మీద ఠపీమని పెట్టాడు. సీసా మెడకి నేను రాసిన కార్డు ఇంకా వేలాడుతోంది. 'మీరు రాసినట్టే పుట్టగొడుగుల కూర చేయించుకుని, మీ వైన్ తాగానమ్మా, పచ్చి అరటికాయ నమిలినట్టుంది' అన్నాడు. నలుగురు వింటుండగా!"

"కొందరికి నోరు బాగుండదు" అన్నాడు మాస్టారు.

"మంగళవారం మనింట్లో అదే కూర. అదే వైన్. వెన్నలా జారింది. మనింట్లో జారింది ఆయనింట్లో ఎందుకు అడ్డం పడిందా అని దారి పొడుగునా బుర్ర బద్దలు కొట్టుకుంటూ వచ్చాను. కూరలో నువ్వు ఏమేం వేశావో అడుగుదామని పర్మిషన్ పెట్టి మరీ వచ్చాను. వస్తే ఏముందీ, ఇదిగో ఇదీ!"

మాస్టారు నిమ్మచెక్కని మెల్లగా పళ్లెంలో పెట్టాడు. "కాస్త సర్దాను, అంతే."

"ఏం సర్దావు?"

"ఉప్పూ పులుపూ. వంటన్నాక రుచి చూసి సర్దుకోమూ?"

"కూర రుచి చూసి సర్దుతారు. నా వైన్ తాగి, కూర తిని, మళ్లీ వైన్ తాగి సర్దరు. సోమవారం నుంచీ ఇదేనా?"

మాస్టారు ఇరవై ఏళ్లుగా ఎంతమందికో డ్రైవింగ్ నేర్పిన మనిషి. మలుపులో బండి ఆగిపోయి వెనకవాళ్లందరూ హారన్ కొడుతున్నా చెమట పట్టదు. ఇప్పుడు మాత్రం నుదురు తుడుచుకున్నాడు.

"సోమవారం చేప" అంది పిట్ట. "చెప్పు."

"నువ్వు తెచ్చిన ఎర్రది తాగితే తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది. నిమ్మకాయ పిండాను. సరిపోయింది."

"మంగళవారం?"

"పుట్టగొడుగులకి ఉప్పు బాగా పట్టించి, కాస్త పులుపు వేశాను. వైన్‌లో వగరు చచ్చింది."

"బుధవారం?"

"గుడ్లూ బంగాళాదుంపలూ. వెన్న ఎక్కువేశాను. నువ్వే కదా, 'ఇవాళ అదిరింది' అన్నావు!"

"గురువారం?"

"గురువారం నేనేం చెయ్యలేదు. ఒట్టు."

"మిరపకాయలన్నీ ఏరి పారేశావుగదరా" అంది అత్తగారు, వెల్లుల్లి మీంచి తలెత్తకుండా.

పిట్ట అత్తగారి వైపు తిరిగింది. "అంటే మీకు తెలుసన్నమాట!"

"నేను ఈ కుర్చీలోనే కదే కూర్చునేది. కళ్లు మూసుకుని కూర్చోమంటావా? నేను వద్దనే అన్నాను. 'ఒరేయ్, అది దాని పరీక్ష, నువ్వెందుకురా రాస్తావు' అన్నాను. వింటేగా!"

పిట్ట కుర్చీలో కూలబడింది. తిండి పిట్టంత తింటుందని పెళ్లైన కొత్తలో మాస్టారే ఆ పేరు పెట్టాడు. అది ఇంట్లో స్థిరపడి, వీధిలోకి పాకి, షాపులో కూడా అలాగే పిలుస్తున్నారు. తినేది గుప్పెడే అయినా తన నాలుకకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఈ వారమంతా ఎంత మురిసిపోయింది! మామూలు ఇంట్లో వారంపాటు వండుకునే మామూలు కూరలు, ఒక్కోదాని పక్కకి ఒక్కో వైన్ ఎంచి, కార్డు రాసి సీసాకి కట్టాలి. ఆ పని షాపావిడ ఇంకెవరికీ ఇవ్వకుండా తనకి ఇచ్చింది. కార్డులు చూసి జనం కొంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం షాపావిడ స్వయంగా ఇంటికి భోజనానికి వస్తానంది. నచ్చితే ఇకమీదట షాపుకి ఏ వైన్ తెప్పించాలో ఎంచే పని పిట్టకే. కౌంటర్ వెనక నిలబడి సంచీల్లో సీసాలు పెట్టి ఇచ్చే పని ఇంకొకరికి.

అదంతా నిమ్మకాయ మహిమా?

"నువ్వు నెగ్గాలనే కదా చేశాను" అన్నాడు మాస్టారు. గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. అందుకే పిట్టకి మరింత మండింది.

"నెగ్గింది ఎవరు? నేనా, నువ్వా? నా నాలుకకి ఏమైనా తెలుసో తెలియదో ఇప్పుడు నాకే తెలియదు. నేను ఏ పాడు సీసా తెచ్చినా నువ్వు దానికి తగ్గట్టు వండేశావు. రేపు వెనిగర్ సీసా తెచ్చినా బాగుందనిపిస్తావు!"

"వెనిగర్‌కైతే చక్కెర వెయ్యాలి" అంది అత్తగారు.

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి."

"ఊరుకున్నాను."

"నీ కారులో నీ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది చూడు" అంది పిట్ట మొగుడితో. "నేర్చుకునేవాళ్లు తామే నడుపుతున్నామనుకుంటారు. కింద తొక్కేది నువ్వు."

"లేకపోతే గోడకి గుద్దుతారు మరి."

"నేను నీ దగ్గర నేర్చుకోవడానికి రాలేదు. కాపురానికి వచ్చాను."

ఈలోగా పొయ్యి మీద కూర అడుగంటింది. ఎవరూ చూడలేదు, వాసన వచ్చేదాకా.

ఆ సాయంత్రం ముగ్గురూ మాడిన కూరే తిన్నారు. వైన్ ఎవరూ పోసుకోలేదు. రోజూ పిట్ట ముద్ద తిని, గుక్క తాగి, కళ్లు మూసుకుని కూర్చుంటే, "అమ్మాయ్, ధ్యానం అయిందా? మేం తినొచ్చా?" అని వేళాకోళం చేసే అత్తగారు కూడా తలొంచుకుని తినేసి లేచింది.

శనివారం ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచాయి.

"అత్తయ్యా, రేపు మంగళవారం వండిన పుట్టగొడుగుల కూరే వండాలని చెప్పండి."

మాస్టారు రెండడుగుల దూరంలోనే బూట్లు తుడుచుకుంటున్నాడు. "అమ్మా, అది ఎందుకని అడుగు. ఫిర్యాదు వచ్చిందే దాని మీద కదా! హాయిగా కోడిని వేయిస్తాను, దానితో ఏ వైనైనా తాగొచ్చు."

"అదే వండాలి. అదే వైన్. సీసా వంటగదిలో ఉండదు, నా గదిలో ఉంటుంది. ఉప్పు అందరూ వేసుకునేంతే. నిమ్మకాయ తాకకూడదు. ఇది కూడా చెప్పండి."

"నాకు గొంతు నొప్పి పుడుతోంది" అంది అత్తగారు. "ఒరేయ్, విన్నావుగా. నువ్వు కూడా విన్నావుగా తల్లీ. ఇక నన్ను వదిలెయ్యండి."

మాస్టారు బ్రష్ కింద పెట్టాడు. ఈసారి సూటిగా పిట్టతోనే అన్నాడు. "మీ షాపావిడతో ఏం చెబుతావు?"

"ఉన్నది చెబుతాను. కూర నువ్వు మార్చావని."

"ఆదివారం గడిచిపోనీ. ఉద్యోగం చేతికి రానీ. తర్వాత మెల్లగా చెప్పొచ్చు. ఎవరు కాదన్నారు?"

"చూశావా? మళ్లీ సర్దుతున్నావు."

మాస్టారు బూట్లు తళతళా మెరుస్తున్నా మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

పిట్టకి లోపల ఒక చిన్న ఆశ ఉంది. పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు. షాపుకొచ్చినాయన ఇంట్లో ఆవిడకి వంట రాకపోయి ఉంటే బాగుండును! కూర చెడగొట్టి ఉంటే, తప్పు ఆవిడది. తన వైన్‌ది కాదు. పాపం, మొహం కూడా ఎరగని ఇల్లాలికి వంట రాకూడదని శనివారమంతా మనసులో కోరుకుంటూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం షాపావిడ సరిగ్గా అన్న వేళకి వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, మొహమాటం లేని మనిషి. కారు గేటు ముందు ఒక్క ఊపులో పెట్టి దిగింది. "మాస్టారూ, చూశారా పార్కింగు?" అంటూ లోపలికి వచ్చింది. ఆవిడకి డ్రైవింగ్ నేర్పింది మాస్టారే.

"భేష్" అన్నాడు మాస్టారు. నవ్వడానికి ప్రయత్నించాడు కానీ మొహం సహకరించలేదు.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కూర వచ్చింది, రొట్టె వచ్చింది. పిట్ట తన గదిలోంచి సీసా తెచ్చి అప్పటికప్పుడు బిరడా లాగింది. అత్తగారి గ్లాసులో చెంచాడు పోసింది. "దగ్గుమందు మోతాదు" అంది అత్తగారు, పరిస్థితి తేలిక చెయ్యాలని. షాపావిడ ఒక్కతే నవ్వింది.

షాపావిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. గ్లాసెత్తి తాగింది. మొహంలో ఏ మార్పూ లేదు. ఇలాంటివాళ్లతోనే చచ్చే చావు, ఏమీ తెలియనివ్వరు.

"బాగుంది! చాలా బాగుంది" అన్నాడు మాస్టారు. ఆయన గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది.

పిట్ట ముద్ద తింది. కూర బాగుంది, వంక పెట్టడానికి లేదు. గ్లాసెత్తి గుక్క తాగింది. ఒక్క క్షణంలో నాలుక మీద చేదు పరుచుకుంది. ఆ వెనకే వగరు, చిగుళ్లు పట్టేసినంత వగరు. మంగళవారం వెన్నలా జారిన వైన్ ఇదేనా? పచ్చి అరటికాయ అన్నాడు ఆ పెద్దమనిషి. మర్యాదస్తుడు కాబట్టి అంతటితో సరిపెట్టాడు.

మాస్టారి చెయ్యి బల్ల మీద మెల్లగా కదిలింది. సలాడ్ పక్కన అలంకారానికి పెట్టిన నిమ్మచెక్క వైపు పాకుతోంది.

"ఒరేయ్!" అంది అత్తగారు. చెయ్యి ఆగింది.

పిట్ట గ్లాసు దించింది. "కుదరలేదండీ" అంది షాపావిడతో. "కూర మంచిదే, వైన్ మంచిదే. రెండూ కలిస్తే చేదు. నిన్న కాక మొన్న వచ్చినాయన చెప్పింది నిజమే. నేను రాసిన కార్డులన్నీ తప్పు. ఈయన రోజూ నా వైన్ రుచి చూసి, దానికి సరిపడేలా కూర మార్చారు. నాకు తెలియదు. తెలియకపోవడం కూడా తప్పే."

షాపావిడ రొట్టె ముక్క తుంచుతూ ఆగింది. "ఇది కుదరలేదని నాకూ తెలిసింది. నువ్వంటావో అనవో అని చూస్తున్నాను."

"అంత చేదుగా ఏం లేదు" అన్నాడు మాస్టారు. "నాకైతే బాగానే..."

"తాగు" అంది పిట్ట.

"ఏంటి?"

"గ్లాసు ముట్టుకోలేదు నువ్వు. తాగు. తాగి చెప్పు."

షాపావిడ ముందు కూడా నువ్వే. మాస్టారు ఒకసారి అమ్మ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తప్పక ముక్క తిని, గుక్క తాగాడు. మింగడానికి చాలాసేపు పట్టింది.

"బాలేదు" అన్నాడు.

పెళ్లై ఇన్నేళ్లలో పిట్ట చేసిన దాన్ని దేన్నీ ఆయన బాలేదని అనలేదు. అట్ట ముక్కల్లా తయారైన కేకు బాగుందన్నాడు. తను కుట్టగా ఎడం వైపు కిందికి వేలాడిన గది పరదాలు బాగున్నాయన్నాడు. ఈ ఒక్క మాట వినడానికి తనెంత ఆకలి మీద ఉందో పిట్టకి ఇప్పుడే తెలిసింది. కోపం మాత్రం తగ్గలేదు.

"ఇంకా ఏమేం సర్దావో ఇప్పుడే చెప్పెయ్యి" అంది. "మళ్లీ మళ్లీ తెలుసుకునే ఓపిక నాకు లేదు."

మాట వరసకే అంది. మాస్టారు మాత్రం షాపావిడ వైపు చూశాడు. షాపావిడ పళ్లెం వైపు చూసింది. ఆ రెండు చూపులూ పిట్ట కంటపడ్డాయి.

"ఏంటది?"

"ఏం లేదు" అన్నాడు మాస్టారు.

"ఏంటది?"

"ఈవిడకి లైసెన్స్ వచ్చిన రోజు... చాలా సంతోషంగా ఉన్నారు. మా ఆవిడకి వైన్ అంటే బాగా తెలుసు, మీ షాపులో ఏదైనా పని ఉంటే చూడండని అడిగాను. నాకోసం, నా మొహం చూసి ఒప్పుకోమన్నాను. నీకు చెప్పొద్దన్నాను."

పిట్ట షాపు అద్దానికి అంటించిన ప్రకటన చూసి, తనంతట తాను లోపలికి వెళ్లి అడిగాననుకుంది. గుమ్మం ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, ధైర్యం తెచ్చుకుని లోపలికి అడుగుపెట్టింది. ఆ ధైర్యాన్ని ఇన్నాళ్లూ మనసులో దాచుకుని, నీరసించినప్పుడల్లా తీసి చూసుకుంది. ఆ ప్రకటన చూడమని ఆ వీధిలో నడిపించుకుని వెళ్లింది ఎవరు? మాస్టారే. 'ఇటు నుంచి పోదాం, నీడగా ఉంటుంది' అన్నాడు.

"నిజమేనా అండీ?" అంది షాపావిడతో.

"నిజమే" అంది షాపావిడ. "మొహమాటపడి ఒప్పుకున్నాను. నాకు మొహమాటం తక్కువ, కానీ లైసెన్స్ అప్పుడే వచ్చిందిగా. మాస్టారికి కాదనలేకపోయాను."

"ఛీ, వెధవా" అంది అత్తగారు కొడుకుతో. ఆవిడకి కూడా ఇది తెలియదని ఆ ఒక్క మాటలోనే తెలిసింది.

పిట్ట ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. పిట్ట కూడా అలాగే అనుకుంది. ఏడుపు మాత్రం రాలేదు. నోట్లో ఆ చేదు అలాగే ఉంది. గ్లాసులో మిగిలింది తీసుకెళ్లి సింకులో ఒంపి, మంచినీళ్లతో నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది.

"రేపు పొద్దున కార్డులన్నీ నేనే తీసేస్తాను" అంది షాపావిడతో. "ఆ ఫిర్యాదు చేసినాయన సీసాకి బదులు ఇంకో సీసా ఇచ్చి, తప్పు నాదని చెబుతాను. మీరు ఒప్పుకుంటే ఈ వారం మళ్లీ మొదలుపెడతాను. కూరకొక వైన్. ఈసారి వంట నేనే చేస్తాను."

"నీకు వంట రాదుగదే!" అంది అత్తగారు కంగారుగా.

"రాదు. మన కార్డు చూసి వైన్ కొనేవాళ్లలో సగం మందికి రాదు. వాళ్లింట్లో పక్కన నిలబడి సర్దిపెట్టే మాస్టారు ఉండడు. రానివాళ్లు వండిన కూరతో కూడా ఏ వైన్ కుదురుతుందో అదే రాస్తాను."

షాపావిడ పెదవి చివర కాస్త కదిలింది. నవ్వో కాదో చెప్పడం కష్టం. "నేనింకా ఊఁ అనలేదమ్మా."

మాస్టారు నోరు తెరిచాడు. అలవాటు మరి.

"నువ్వు మాట్లాడకు" అంది పిట్ట. షాపావిడ వైపు తిరిగింది. "ఇప్పుడే అనకండి. ఈయన ముందు అసలు అనకండి. రేపు షాపు తెరిచే వేళకి వస్తాను. వద్దంటే నా సంచీ తీసుకుని వెళ్లిపోతాను."

షాపావిడ లేచింది, చేతులు తుడుచుకుంది. అత్తగారి దగ్గర సెలవు తీసుకుంది. మాస్టారి వైపు చూడకుండానే బయటికి నడిచింది. గేటు దగ్గర కారు కదిలిన చప్పుడు వినిపించింది.

పిట్ట పళ్లేలు తీయడం మొదలుపెట్టింది. మాస్టారు లేచి సాయం పట్టబోయాడు. ఆమె పళ్లెం వదల్లేదు. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని నిలబడిపోయారు.

"వంట నువ్వు చేస్తావు" అన్నాడు ఆయన. "ఉద్యోగం సంగతి నువ్వు చూసుకుంటావు. నేను ఏదీ ముట్టుకోకూడదు. ఏదీ సర్దకూడదు. అలా అయితే నీకు నేనెందుకు?"

ఎప్పట్లా అయితే పిట్ట వెంటనే ఏదో ఒకటి అనేసేది. పిచ్చి మాటలు మాట్లాడకండి అనేది, భుజం తట్టేది. ఇవాళ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాగుందని అబద్ధం చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది కదా, వచ్చేదే.

ఆమె ఆ మాట మింగేసింది.

"నాకు తెలియదు" అంది.